త్రిభుజమా, ముక్కోణమా?

రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాడికి ఒకే బొమ్మకు మూడు పేర్లు చెవిన పడతాయి. తెలుగు పుస్తకంలో అది త్రిభుజం. పక్క తరగతి తమిళ పుస్తకంలో ముక్కోణం. ఇంగ్లీషు మీడియంలో ట్రయాంగిల్. మూడూ ఒకటే గదా అంటారు పెద్దలు. బొమ్మ ఒకటే, నిజమే. పేర్ల అర్థాలు మాత్రం ఒకటి కావు. త్రిభుజమంటే మూడు భుజాలు కలది. ముక్కోణమంటే మూడు మూలలు కలది. ఇంగ్లీషు మాట కూడా మూలలనే లెక్కబెడుతుంది. మనకూ త్రికోణం, ముక్కోణం అనే మాటలు లేకపోలేదు. అయినా తెలుగు బడిలో స్థిరపడింది త్రిభుజమే. తెలుగు బడి ఆ బొమ్మను గీతల వైపు నుంచి చూస్తే, తమిళ బడి మూలల వైపు నుంచి చూసింది.

ఈ ప్రాంతపు బళ్ళలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి కనుక, ఈ చిన్న తేడా వెనుక పెద్ద చరిత్రే ఉందని నాకు క్రమంగా తెలిసివచ్చింది. ఆ చరిత్రను పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

త్రిభుజాల రకాలను బడిలో రెండు విధాలుగా చెబుతాం. భుజాలను బట్టి చూస్తే మూడు రకాలు. మూడు భుజాలూ సమానమైతే సమబాహు త్రిభుజం. రెండే సమానమైతే సమద్విబాహు త్రిభుజం. మూడూ వేరువేరైతే విషమబాహు త్రిభుజం. కోణాలను బట్టి చూసినా మూడు రకాలే. మూడు కోణాలూ 90 డిగ్రీల లోపు ఉంటే అల్పకోణ త్రిభుజం, ఒకటి సరిగ్గా 90 అయితే లంబకోణ త్రిభుజం, ఒకటి 90 దాటితే అధికకోణ త్రిభుజం. కొన్ని తెలుగు పుస్తకాలు అల్పకోణాన్ని లఘుకోణమనీ, అధికకోణాన్ని గురుకోణమనీ అంటాయి. ఛందస్సులో లఘువు, గురువు నేర్చిన పిల్లలకు ఈ పేర్లు ఇట్టే పట్టుబడతాయి.

ఈ రెండు చూపులూ ఒకేచోట కనిపించే ప్రసిద్ధ గ్రంథం క్రీ.పూ. 300 ప్రాంతపు యూక్లిడ్ గ్రంథం. మొదటి భాగంలోని 20వ నిర్వచనం భుజాలను బట్టి మూడు రకాలు చెబుతుంది. వెంటనే 21వ నిర్వచనం కోణాలను బట్టి మూడు రకాలు చెబుతుంది. ఆ తరువాత వచ్చే మొట్టమొదటి ప్రతిపాదన ఏమిటనుకున్నారు? ఇచ్చిన గీత మీద సమబాహు త్రిభుజం గీయడం. ఒక కొస కేంద్రంగా ఒక వృత్తం, రెండో కొస కేంద్రంగా మరొక వృత్తం. రెండూ కలిసిన చోటే మూడో మూల. ఇరవై మూడు వందల ఏళ్ళ తరువాత కూడా మన పిల్లలు కాంపసుతో చేసేది అదే పని. ఈ గ్రంథాన్ని 18వ శతాబ్దం తొలి భాగంలో, జయపురం సవాయి జయసింహుడి ఆదరణలో, జగన్నాథ సమ్రాట్ అరబ్బీ నుంచి సంస్కృతంలోకి తెచ్చాడు. ఆ పుస్తకం పేరు రేఖాగణితం. మన తెలుగు బళ్ళలో జ్యామితికి ఉన్న పాత పేరు కూడా అదే.

అయితే మన దేశపు సొంత సంప్రదాయం కోణాల జోలికి ఎక్కువగా పోలేదు. శుల్బ సూత్రాల పేరులోనే విషయం ఉంది. శుల్బమంటే తాడు. యజ్ఞవేదికలు కట్టడానికి తాడుతో కొలిచి, మేకులు పాతి, ఆకారాలు గీసేవారు. తాడు పట్టుకున్నవాడికి పొడవు దొరుకుతుంది గాని కోణం దొరకదు. అందుకే బౌధాయనుడు 3, 4 వంటి భుజాల జంటలను చెప్పి నిలువును సాధించాడు. నేటికీ మన మేస్త్రీలు పునాది గీసేటప్పుడు ఒకవైపు 3 అడుగులు, మరొకవైపు 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తేనే మూల కుదిరిందంటారు. కోణాన్ని కొలవకుండా భుజాలతోనే కోణాన్ని పట్టుకునే ఉపాయమిది.

క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో కూడా ఇదే చూపు. త్రిభుజాలు మూడు రకాలు, చతుర్భుజాలు ఐదు రకాలు, వంపు గీతలున్న క్షేత్రాలు ఎనిమిది రకాలు అన్నాడాయన. ఆ మూడు రకాల త్రిభుజాలూ సమం, ద్విసమం, విషమం. అన్నీ భుజాలను బట్టి వచ్చినవే. ఈ గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి దించాడు. ఆయన కాలం 11వ శతాబ్దమని కొందరు, 12వ శతాబ్దమని కొందరు అంటారు. ఏదైనా గాని, తెలుగులో కావ్యాలు మొదలైన తొలిరోజుల్లోనే లెక్కల పుస్తకం కూడా వెలువడిందన్నది మనం గుర్తుంచుకోదగిన మాట. మహావీరుడి సంస్కృత మూలాన్ని ఆచార్య ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో సహా 1912లో చెన్నపట్నంలోనే ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా వెలువరించారు. మనం ఈనాడు అనే సమబాహు, సమద్విబాహు, విషమబాహు పదాలు ఈ వంశంలోనివే.

మరి మన ఊళ్ళ వీధిబళ్ళలో, తమిళులు తిణ్ణె బడి అనే అరుగు బళ్ళలో, ఈ పాఠం ఉండేదా? సర్ థామస్ మన్రో 1826లో రాసిన నివేదిక ప్రకారం మద్రాసు రాజధానిలో 12,498 బళ్ళు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించి, ఎక్కాలు, కొలతలు, వడ్డీ లెక్కలు నోటికి వల్లె వేయించడం ఆ బళ్ళ పద్ధతి. త్రిభుజం అవసరమైనవాడు కరణం. వంకరటింకర పొలాన్ని ముక్కలుగా విడగొడితే తప్ప విస్తీర్ణం తేలదు. ఆ పని ఆధునిక రూపంలో మన కళ్ళముందే ఉంది. పొలమున్న ప్రతి ఇంట్లో ఎఫ్.ఎం.బి. అనే మాట తెలుసు. ఆ పటాన్ని తీసి చూడండి. పొలం మధ్యగా ఒక గీత లాగి, దాని నుంచి గట్టు మూలలకు అడ్డగీతలు వేసి, పొలాన్ని త్రిభుజాలుగా కోసి ఉంటారు. 66 అడుగుల గొలుసుతో పొడవులు మాత్రమే కొలిచేవారు. ఇక్కడా కోణం అక్కరలేదు.

ఎందుకు అక్కరలేదు? మూడు భుజాల పొడవులు తెలిస్తే త్రిభుజం ఇక కదలదు. నాలుగు పుల్లలను కొసల దగ్గర సైకిలు ట్యూబు ముక్కలతో కలిపి చూడండి. ఆ ఆకారం అటూ ఇటూ ఊగుతుంది. మూడు పుల్లలను కలపండి. బిగుసుకుపోతుంది. గట్టు తగాదాలో సర్వేయరు మాట నిలబడేది ఆ బిగువు వల్లనే.

కోణం ఈ దేశపు నేల మీదికి పెద్ద ఎత్తున వచ్చింది 1802లో. ఆ ఏడు ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ చెన్నపట్నం దగ్గర పరంగిమలై పక్కన ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క భుజాన్ని కొలిచి, తక్కిన భుజాలన్నిటినీ కోణాల ద్వారా లెక్కగట్టడం ఆయన పద్ధతి. అర టన్ను బరువున్న థియోడొలైటును కొండల మీదికి ఎక్కించి, ఒక కొండ నుంచి మరో రెండు కొండల మధ్య కోణం చూసేవాడు. ఆ త్రిభుజాల గొలుసు చెన్నపట్నం నుంచి పడమరగా మన పాత ఉత్తరార్కాడు జిల్లా మీదుగా సాగింది. 1804లో బెంగుళూరు దగ్గర మరో ఆధార రేఖను కొలిచి సరిచూసుకున్నారు. అదే పని తరాల తరబడి ఉత్తరానికి సాగి, 1850ల్లో హిమాలయంలో ప్రపంచపు అత్యున్నత శిఖరాన్ని తేల్చింది.

ఈ సర్వే మన పాఠానికి ఎందుకంటే, త్రిభుజాల రకాలు పరీక్ష కోసం బట్టీపట్టే పేర్లు కావని ఇది చూపుతుంది. మరీ సన్నని కోణమున్న త్రిభుజంలో, కోణం చూడడంలో వెంట్రుకవాసి పొరపాటు జరిగినా భుజం పొడవు చాలా తప్పుతుంది. అందుకే సర్వేయర్లు సమబాహువుకు దగ్గరగా ఉండే త్రిభుజాలను వెతుక్కునేవారు. ఇంకొక విచిత్రం. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని మనం చెబుతాం. భూమి గుండ్రన కనుక, కొండ నుంచి కొండకు వేసే పెద్ద త్రిభుజాల్లో మొత్తం 180కి కొంచెం మించుతుంది. సుమారు 200 చదరపు కిలోమీటర్ల త్రిభుజానికి ఒక సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు. నోటు పుస్తకంలో కనబడని ఈ తేడాను లాంబ్టన్ లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

కాబట్టి తాడు చేతబట్టినవాడు భుజాన్ని చూశాడు. దుర్భిణి చేతబట్టినవాడు కోణాన్ని చూశాడు. త్రిభుజమనే మాట, ముక్కోణమనే మాట ఈ రెండు చూపులకూ సరిగ్గా అతుకుతాయి. మన ప్రాంతపు పిల్లవాడికి రెండు మాటలూ ఊరికే దొరుకుతున్నాయి. ఇది వాడి అదృష్టం. మనం దాన్ని భారంగా భావిస్తున్నాం.

తమిళ పదాలను కాస్త దగ్గరగా చూస్తే మరొక సంగతి తేలుతుంది. సమబాహు త్రిభుజాన్ని వారు సమపక్క ముక్కోణం అంటారు. పక్కం అంటే మన పక్క. సమద్విబాహువు ఇరుసమపక్క ముక్కోణం. ఆ ఇరు మన ఇరువురిలోని ఇరు. ముక్కోణంలోని ము మన ముక్కంటిలో ఉంది. అధికకోణం విరికోణం. పువ్వు విరిసింది అంటాం గదా, ఆ విరి. అల్పకోణం కుఱుంగోణం. మన కురచ అందులో ఉంది. లంబకోణం సెంగోణం. ఇక్కడ సెం అంటే ఎరుపు కాదు, చక్కన, నిటారు అని. త్రిభుజానికి అడుగున ఉండే భుజాన్ని మనం భూమి అంటే వారు అడిప్పక్కం అంటారు. అడి మన అడుగే. పరికరాల పేర్లలోనూ చుట్టరికమే. మన కోణమానిని వారికి కోణమాని. మన మూలమట్టం వారికి మూలైమట్టం.

తెలుగు బడి భాష సంస్కృతం నుంచి పదాలు తెచ్చుకుంది. తమిళ బడి భాష వీధిలోని మాటలతో పదాలు కట్టుకుంది. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని నేననను. సంస్కృత పదం మనల్ని మహావీరాచార్యుడితో, పావులూరి మల్లనతో కలుపుతుంది. తమిళ పదం మన ఇంటి మాటతో కలుపుతుంది. భుజమంటే తెలుగు పిల్లలు తమ భుజం తడుముకుని నవ్వుతారు. విషమబాహు త్రిభుజం చెప్పిన ప్రతి ఏటా ఎవరో ఒకరు "విషమంటే పాము విషమా సార్?" అని అడిగేవారు. విషమమంటే ఎగుడుదిగుడని, సమం కానిదని చెప్పాలి. గ్రీకు మాటకూ అర్థం అదే. అసమపక్కం అనే తమిళ పదాన్ని పక్కన పెడితే ఆ గొడవే ఉండదు. ఒక భాషలో చిక్కుబడింది రెండో భాషలో విడిపోతుంది.

పాఠం ఎలా చెప్పేవాణ్ణో కూడా చెబుతాను. ఎవరికైనా పనికి రావచ్చు. గుడియాత్తం లుంగీలకూ అగ్గిపెట్టెలకూ పేరుపడిన ఊరు. ప్రతి పిల్లవాడికీ 12 అగ్గిపుల్లలు ఇచ్చి, అన్నిటినీ వాడి, ఏ పుల్లనూ విరవకుండా ఎన్ని రకాల త్రిభుజాలు వస్తాయో పేర్చమనేవాణ్ణి. మందున్న తలలు గిల్లేసిన పుల్లలే సుమా! కాసేపటికి తరగతి మొత్తం ఒకే జవాబుకు వచ్చేది. 4, 4, 4 ఒకటి. 5, 5, 2 ఒకటి. 3, 4, 5 ఒకటి. ఇంతకు మించి రావు. చూశారా, సమబాహువు, సమద్విబాహువు, విషమబాహువు, తలా ఒక్కటి! ఆ విషమబాహువు మేస్త్రీ పునాది త్రిభుజమే కావడం మరొక విశేషం. 6, 3, 3 పేర్చబోయినవాడికి రెండు చిన్న భుజాలు పెద్దదాని మీద పడుకుంటాయి. 7, 3, 2 పేర్చబోయినవాడికి కొసలే కలవవు. రెండు భుజాల మొత్తం మూడోదానికంటే ఎక్కువ ఉండాలన్న సూత్రాన్ని నేను చెప్పనక్కరలేదు, వాళ్ళే చెప్పేవారు. అధికకోణం కావాలంటే 7 పుల్లలు తీసుకుని 2, 2, 3 పేర్చాలి.

తరువాత గీయడం. భూమి 6 సెంటీమీటర్లు. కాంపసు కూడా 6కే తెరిచి రెండు కొసల నుంచి చాపాలు వేస్తే సమబాహువు. కాంపసును 5కు తెరిస్తే సమద్విబాహువు. ఒక కొస నుంచి 5, మరో కొస నుంచి 4 అయితే విషమబాహువు. లంబకోణానికి మూలమట్టం చాలు. అది లేనివాడు చతురస్రంగా ఉన్న కాగితాన్ని మూల నుంచి మూలకు మడిస్తే లంబకోణ సమద్విబాహు త్రిభుజం చేతికొస్తుంది. ఆడపిల్లలకు ముగ్గు ఉండనే ఉంది. వరుసకు వరుస ఎదురెదురుగా చుక్కలు పెట్టి కలిపితే లంబకోణ త్రిభుజాలు. సందు చుక్కలు పెట్టి కలిపితే ఇంచుమించు సమబాహు త్రిభుజాలు. తమిళ ఇళ్ళలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. పేర్లే వేరు.

చివరగా ఒక ప్రశ్న వేసేవాణ్ణి. భుజాలను బట్టి మూడు రకాలు, కోణాలను బట్టి మూడు రకాలు. జతపరిస్తే తొమ్మిది రావాలి. వస్తాయా? రావు. ఏడే వస్తాయి. సమబాహువులో ప్రతి కోణమూ 60 డిగ్రీలే కనుక అది లంబకోణమూ కాలేదు, అధికకోణమూ కాలేదు. భుజాలు కోణాలను శాసిస్తాయన్నమాట. త్రిభుజం, ముక్కోణం అనే రెండు పేర్లూ కలిస్తేనే ఆ బొమ్మ పూర్తిగా అర్థమవుతుంది.

ఇక అసలు బాధ. 1911లో ఉత్తరార్కాడును విడగొట్టి చిత్తూరు జిల్లా ఏర్పరచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న ఇరు రాష్ట్రాల మధ్య సరిహద్దు గ్రామాల మార్పిడి జరిగింది. 2019లో వేలూరు జిల్లా కూడా మూడు ముక్కలైంది. గీతలు మారినప్పుడల్లా మనం ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం. మనం వలస వచ్చిన వాళ్ళం కాము, గీత మన మీదుగా వెళ్ళింది. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాట్లు ఉండాలంటుంది. తమిళనాడు ప్రభుత్వం తెలుగులో కూడా లెక్కల పుస్తకాలు అచ్చువేసింది. ఆ మేలు మరువరాదు. 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం నేర్చుకోవడం మనకు మంచిదే. ఈ నేల మీద బతికేవాడికి ఈ నేల మాట రావాలి. కాని తమిళం వచ్చిన చోట తెలుగు పోనక్కరలేదు గదా! తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం వైపు మొగ్గడంతో తెలుగు మాధ్యమపు తరగతులు ఒకటొకటిగా పలచబడ్డాయి.

దాని ఫలితం పిల్లల ముఖాల్లో చూశాను. నేత కుటుంబంలోని ఒక అమ్మాయి ఐదో తరగతి వరకు తెలుగులో చదివి ఆరులో తమిళ మాధ్యమానికి వచ్చింది. ఇరుసమపక్క ముక్కోణం గీయమంటే తల వంచుకు కూర్చుంది. లెక్కలు రాని పిల్ల అని అప్పటికే ముద్ర పడింది. పక్కకు పిలిచి, "రెండు పక్కలు సమంగా ఉండాలమ్మా, సమద్విబాహువు" అన్నాను. మరుక్షణం కాంపసు తీసుకుని చక్కగా గీసింది. ఆమెకు రానిది లెక్క కాదు, మాట. మాట రానందుకు లెక్క రాదనిపించుకుని బడి మానేసిన పిల్లలు ఎందరో!

అందుచేత పాఠకులకు నా మనవి ఇది. మీ ఇంట్లో పిల్లలు ఏ మాధ్యమంలో చదివినా సరే, లెక్కల పుస్తకం తెరిచినప్పుడు రెండు మాటలూ పక్కపక్కన చెప్పండి. సమబాహువు, సమపక్కం. అధికకోణం, విరికోణం. లంబకోణం, సెంగోణం. పది పదాలు మించవు. పది నిమిషాల పని. మీ ఊళ్ళోని మేస్త్రీలు, వడ్రంగులు, నేతగాళ్ళు మూలకు, వాలుకు, నిలువుకు వాడే తెలుగు మాటలు ఏవైనా మీకు తెలిస్తే రాసి ఈ పత్రికకు పంపండి. పుస్తకాలకెక్కని ఆ మాటలు పలికేవారితోనే పోతాయి. వాటిని కూర్చి పెట్టుకుంటే రేపు ఈ జిల్లాలో లెక్కలు చెప్పబోయే తెలుగు ఉపాధ్యాయుడికి అదే పెద్ద సాయం.